అయినవాళ్లే కదా అని వదిలేస్తే ఎలా

రాత్రి పదకొండింటికి ఫోన్ మోగుతుంది. అవతల పోలీసులో, హాస్పిటల్ వాళ్లో, కూతురి పక్కింటివాళ్లో ఉంటారు. పిల్లలు ఇక్కడున్నారు, వచ్చి తీసుకెళ్తారా అని అడుగుతారు. అరవై దాటిన అమ్మమ్మ ఆ టైంలో ఇంకేం ఆలోచిస్తుంది, వస్తున్నా అంటుంది, అంతే. ఎన్నాళ్లు ఉంచుకోవాలి, ఖర్చు ఎవరిది, స్కూల్ సంగతేంటి, పిల్లాడికి రేపు ఆపరేషన్ లాంటిదేదైనా అవసరమైతే సంతకం ఎవరు పెట్టాలి, ఇవేవీ ఆ ఫోన్‌లో ఎవరూ చెప్పరు, ఆవిడా అడగదు. రెండ్రోజులు అనుకున్నది రెండేళ్లవుతుంది. ఒక్కోసారి పిల్లలు పెద్దయ్యేదాకా సాగుతుంది.

తల్లిదండ్రులు చనిపోయినా, జబ్బుపడినా, జైలుకెళ్లినా, మత్తుకి అలవాటుపడి ఇల్లు వదిలేసినా, పిల్లల్ని ముందు అందుకునేది అమ్మమ్మలు, నాయనమ్మలు, పిన్నులు, మేనత్తలు, మేనమామలు, కొన్నిచోట్ల ఇంకా ఇరవై కూడా దాటని అక్కలు. దీన్నే కిన్‌షిప్ కేర్ అంటున్నారు. 2009లో తల్లిదండ్రుల దగ్గర లేని పిల్లల సంరక్షణ గురించి ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ ఆమోదించిన మార్గదర్శకాల్లో దీనికి నిర్వచనం కూడా ఉంది, బంధువులతోపాటు పిల్లలకి తెలిసిన దగ్గరి కుటుంబ స్నేహితుల్ని కూడా అందులో కలిపారు. కోవిడ్ మొదటి పద్నాలుగు నెలల్లోనే ప్రపంచంలో 15 లక్షల మందికి పైగా పిల్లలు తల్లినో తండ్రినో, లేదా తమని చూసుకునే తాతనో అమ్మమ్మనో పోగొట్టుకున్నారని 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క చెప్పింది. తాతా అమ్మమ్మల్ని కూడా ఆ లెక్కలో వేశారంటేనే తెలుస్తుంది, పిల్లల పెంపకంలో వాళ్ల చెయ్యి ఎంత ఉందో.

మేం చెప్పదలుచుకున్నది ఒక్కటే. అయినవాళ్లే కదా చూసుకుంటారులే అన్న మాటని అడ్డం పెట్టుకుని ప్రభుత్వాలు వీళ్ల పట్ల తమ బాధ్యతని వదిలేస్తున్నాయి, అది ఆగాలి.

స్కూల్ కౌంటర్ దగ్గర ఒక్కసారి నిలబడి చూడండి. ఫారంలో తల్లి సంతకం, తండ్రి సంతకం అని రెండు గళ్లుంటాయి. పెద్దావిడ పెన్ను పట్టుకుని ఆ రెండు గళ్ల వంక చూస్తుంటుంది, వెనక లైన్‌లో వాళ్లు తొందరపెడుతుంటారు, పక్కనే పిల్లాడు అన్నీ వింటుంటాడు. మీరేమవుతారు అని అడుగుతారు. అమ్మమ్మని అంటుంది. గార్డియన్ అని కోర్టు కాగితం ఉందా అంటారు. ఉండదు. ఆ కాగితం తెచ్చుకోవాలంటే లాయర్ కావాలి, లాయర్‌కి ఫీజు కావాలి, పైగా కన్న కూతురి మీదే కోర్టులో, ఇది పిల్లల్ని చూసుకోలేకపోతోంది అని రాసివ్వాలి. ఏ తల్లి రాసిస్తుంది చెప్పండి, రాసిచ్చినా ఆ రాత్రి నిద్రపడుతుందా.

బయటివాళ్లకి అర్థం కానిది ఇదే అనిపిస్తుంది మాకు. ఏ సంబంధం లేకుండా ఫోస్టర్ కేర్‌లో, అంటే ప్రభుత్వం అప్పగిస్తే తమ ఇంట్లో పెట్టుకుని చూసుకునే ఏర్పాటులో, పిల్లల్ని తీసుకునేవాళ్లకీ ఆ పిల్లల తల్లిదండ్రులకీ మధ్య ఆఫీసరు ఒకరు ఉంటారు, ఎప్పుడు కలవాలో వాళ్లే చెప్తారు, గొడవైతే వాళ్లే మాట్లాడతారు. అమ్మమ్మకి అలా ఎవరూ ఉండరు. తాగి తలుపు కొట్టేది తను కన్న కొడుకే, లోపల భయంతో దుప్పటి కప్పుకున్నది ఆ కొడుకు పిల్లలే, తలుపు తియ్యాలా వద్దా అన్నది ఆవిడ ఒక్కతే తేల్చుకోవాలి. కూతురు పోయిన ఇంట్లో అయితే ఆవిడకి కూతురు పోయిన దుఃఖం, పిల్లలకి అమ్మ పోయిన దుఃఖం, పిల్లల ముందు ఏడవకూడదని ఆవిడ బాత్రూంలో ఏడుస్తుంది, అమ్మమ్మ బాధపడుతుందని పిల్లలు అమ్మ పేరే ఎత్తరు.

అయినా సరే, బంధువుల దగ్గరుంటే పిల్లలకి మేలే జరుగుతోంది. బంధువుల ఇళ్లలో పెరిగిన పిల్లల్నీ మామూలు ఫోస్టర్ కేర్‌లో పెరిగినవాళ్లనీ పోల్చిన 102 అధ్యయనాల్ని కలిపి 2014లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. బంధువుల దగ్గరున్న పిల్లల్లో ప్రవర్తన సమస్యలూ మానసిక ఇబ్బందులూ తక్కువ, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారాల్సి రావడమూ తక్కువ అని తేలింది. ఆ అధ్యయనాల్లో లోపాలున్నాయని రాసినవాళ్లే ఒప్పుకున్నారు, అది కూడా చెప్పాలి. కానీ అందులోనే ఇంకో మాట ఉంది, మానసిక వైద్య సేవలు ఎక్కువగా అందుకున్నది మాత్రం ఫోస్టర్ కేర్ పిల్లలే. బంధువుల దగ్గరున్న పిల్లలకి అంతగా అవసరం లేకపోయిందా లేక అడిగే నాథుడే లేకపోయాడా? రెండోదీ ఉందనే మా అనుమానం.

డబ్బు విషయానికొస్తే, అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రంలో ఒక అక్క తన తోడబుట్టిన పిల్లల్ని ఇంట్లో పెట్టుకుంటే, నువ్వు బంధువువి కాబట్టి ఫోస్టర్ కేర్ డబ్బు ఇవ్వం అన్నారు. అదే పిల్లలు ముక్కూ మొహం తెలియనివాళ్ల ఇంట్లో ఉంటే ఇచ్చేవాళ్లు! కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1979లో కోర్టు అక్క వైపే తీర్పిచ్చింది, అర్హతలన్నీ ఉన్నప్పుడు బంధువన్న కారణంతో ఆ డబ్బు ఆపకూడదని చెప్పింది. ఆ తర్వాత కూడా పిల్లల్ని ఉంచుకోవడానికి కావాల్సిన లైసెన్స్ రూల్స్ దగ్గర, గదులు ఎన్ని, మంచాలు ఎన్ని అన్న దగ్గర చాలామంది ఆగిపోయారు, బంధువులకి వేరే రూల్స్ పెట్టుకోవచ్చని అక్కడి కేంద్ర ప్రభుత్వం 2023లో గానీ చెప్పలేదు. అధికారులు పిల్లాణ్ని తల్లిదండ్రుల ఇంటి నుంచి తీసుకొచ్చిన 30 రోజుల్లోగా బంధువుల్ని వెతికి కబురు చెయ్యాలని 2008లో అక్కడ చట్టం చేశారు, ఇది అన్ని దేశాల్లోనూ ఉండాలి.

న్యూజిలాండ్ 1989లోనే ఇంకో మంచి దారి చూపించింది. పిల్లల విషయంలో కుటుంబం మొత్తాన్ని పిలిచి కూర్చోబెడతారు, ఆఫీసర్లు ఉన్న విషయం చెప్పి బయటికి వెళ్లిపోతారు, ఇంటివాళ్లే తలుపేసుకుని మాట్లాడుకుని ఎవరు ఏం చెయ్యాలో రాసుకొస్తారు. అక్కడి మూలవాసులైన మావోరీల ఆలోచన నుంచి వచ్చిన పద్ధతి అది. మామయ్య శనివారాలు తీసుకెళ్తాడు, అత్త స్కూల్ ఫీజు చూస్తుంది, నాయనమ్మ దగ్గర ఉంటాడు, ఇలా భారం పంచుకుంటే పెద్దావిడ ఒక్కదాని నెత్తిన పడదు.

బంధువులందరూ మంచివాళ్లని మేం అనట్లేదు. చదువు మాన్పించి ఇంటిపనికి వాడుకునేవాళ్లూ ఉన్నారు, కొట్టేవాళ్లూ ఉన్నారు, అంతకన్నా దారుణాలు చేసేవాళ్లూ ఉన్నారు. కోర్టు దాకా వెళ్లకుండా ఇంట్లోవాళ్లే సర్దుకున్న ఏర్పాట్ల మీద కూడా కన్నేసి ఉంచాలని 2009 మార్గదర్శకాలు చెప్తున్నాయి. అలాగే అలాంటి కుటుంబాలకి రావాల్సిన సేవలూ సాయమూ అందేలా చూడాలనీ చెప్తున్నాయి. ఈ రెండూ కలిసే ఉండాలి, సాయం ఏమీ ఇవ్వకుండా తనిఖీకి మాత్రమే వస్తే పిల్లల్ని లాక్కెళ్తారన్న భయంతో ఎవరూ పేరు రాయించుకోరు.

కాబట్టి మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. పిల్లాణ్ని అప్పగించిన రోజే, కోర్టు తేల్చేలోపు స్కూల్లోనూ హాస్పిటల్లోనూ చెల్లే తాత్కాలిక కాగితం ఒకటి చేతిలో పెట్టాలి. బయటివాళ్లకి ఎంత ఇస్తారో బంధువులకీ అంతే ఇవ్వాలి, కన్న కూతురి మీద కేసు వేస్తేనే ఇస్తామనే షరతు ఉండకూడదు. నెలకోసారి ఎవరైనా ఇంటికి వెళ్లాలి. వెళ్లినవాళ్లు మంచం కిందకి ఒకసారి చూడాలి, ఎప్పుడు వెళ్లిపొమ్మంటారో అని పిల్లాడు బట్టల బ్యాగు ఇంకా సర్దిపెట్టుకునే ఉన్నాడేమో. వాడితో విడిగా పది నిమిషాలు కూర్చోవాలి. వచ్చేముందు ఆ పెద్దావిడని, నీ మందులు టైంకి వేసుకుంటున్నావా అమ్మా అని కూడా అడగాలి.