రేవు లేని తీరంలో వేగులవాడు

రాత్రివేళ రాతిగట్టును ఆనుకున్న ఓడ, తాడు పట్టుకుని జారే వేగులవాడు, పక్కనే సారాయి కొట్టు. ఫ్రెంచి విప్లవకాలపు సముద్ర నవలల్లో తరచూ కనిపించే ఈ దృశ్యం ఐరోపా రేవులది. నెల్లూరు, ప్రకాశం తీరం మీద అలాంటి కథ రాయాలంటే ముందుగా ఇవాళ్టి కృష్ణపట్నం పోర్టును మనసులోంచి తీసేయాలి. 1793లో ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య యుద్ధం మొదలైననాటికి దుగరాజపట్నం నుంచి కొత్తపట్నం దాకా యుద్ధనౌక వచ్చి ఆనుకునే గట్టు లేదు. 74 ఫిరంగుల యుద్ధనౌక అడుగు నీటిలోకి దిగే లోతే 20 అడుగులు దాటుతుంది. కాబట్టి అది దూరంగా లంగరు వేయాల్సిందే, మనిషి పడవలో రావాల్సిందే. కథకు ఆయువుపట్టు ఆ కాస్త దూరంలోనే ఉంది.

ఆ దూరం దాటించేది మసూలా పడవ. దానికి ఇనుప మేకులుండవు, పలకలను కొబ్బరిపీచు తాడుతో కుడతారు. అడుగు చదును, లోపల అడ్డకర్రల చట్రం ఉండదు. కెరటం ఎత్తి ఇసుక మీద వేస్తే, మేకులు కొట్టిన ఓడ పడవ పగిలిపోతుంది. ఇది వంగి సర్దుకుంటుంది. కానీ కుట్లలోంచి నీరు ఊరుతూనే ఉంటుంది కనుక ఒకరు తోడిపోస్తూ ఉండాలి. తెడ్లు వేసేవాళ్లు, వెనక నిలబడి నడిపే తండేలు, నీళ్లు తోడేవాడు, అందరూ కలిస్తే పదిమంది అవుతారు. అంటే ఈ తీరంలో ఏ గూఢచారీ ఒంటరిగా దిగలేడు. అతని మొహం, మాట, మూట పదిమందికి తెలిసిపోతాయి. కెప్టెన్‌ని కథానాయకుడిగా పెట్టుకున్నవాళ్లు ఈ పదిమందినీ కూలీలుగా వదిలేస్తున్నారు. నా దృష్టిలో అసలు నాయకుడు తండేలే.

ఉత్తరం ఒక్కటే చేరాలంటే తెప్ప చాలు. మద్రాసు తీరంలో తెప్పలవాళ్లు చాపతో అల్లిన, మొనదేలిన టోపీలో ఉత్తరాలు తడవకుండా మోసుకెళ్లేవారు. కెరటం తెప్ప మీంచి విరుచుకుపడినా మనిషి ఈదుకుని మళ్లీ ఎక్కుతాడు. మనిషికి మసూలా, కాగితానికి తెప్ప. ఈ తేడా తెలిసిన రచయితకు సగం ఎత్తుగడ దొరికినట్టే.

ఎవరు ఎవర్ని ముందు చూస్తారన్నది కూడా లెక్కకు దొరుకుతుంది. ఇసుక మీద నిలబడ్డ మనిషికి సముద్రపు అంచు సుమారు 4.5 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 15 మీటర్ల తాటిచెట్టు ఎక్కితే 14 కిలోమీటర్లు కనిపిస్తుంది, 30 మీటర్ల స్తంభం మీదున్న నావికుడికి దాదాపు 20. రెండూ కలిపితే, తాటిచెట్టు మీదివాడికి ఆ ఓడ స్తంభం కొస మబ్బులేని పగలు 33 కిలోమీటర్ల దాకా కంటపడొచ్చు, ఓడ దేహం ఇంకా అంచు కిందే ఉండగా. కల్లుగీత కార్మికుణ్ని వేగుగా పెట్టండి, ఎవరికీ అనుమానం రాదు. సరుగుడు తోపుల్లో మాత్రం దాచకండి. ఈ తీరాన సరుగుడు 19వ శతాబ్దంలో పెంచినది. బకింగ్‌హామ్ కాలువ కూడా అప్పటికి లేదు, మద్రాసుకు ఉత్తరాన తవ్వకం మొదలైందే 19వ శతాబ్దంలో. 1798 కథలో కాలువ పడవ కనిపిస్తే నమ్మకం అక్కడే పోతుంది.

రుతువు మరీ ముఖ్యం. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలి ఓడను ఒడ్డుకు నెడుతుంది, తుపాను భయం ఉంటుంది. అందుకే నౌకాదళాలు ఈ తీరాన్ని వదిలిపోయేవి. 1782లో ఫ్రెంచి సేనాని సఫ్రెన్ సుమత్రాలోని అచేకు వెళ్లాడు. ఆ నెలల్లో వార్త నేలమీదే నడవాలి, మద్రాసు నుంచి ఉత్తర దిక్కుకు పోయే హర్కారాలకు, అంటే ఉత్తరాలు మోసే వార్తాహరులకు, స్వర్ణముఖి, పెన్న, మన్నేరు, గుండ్లకమ్మ అడ్డం. వంతెనలు లేవు. వరదొస్తే ఉత్తరం గట్టుమీద ఆగిపోతుంది, రాసినవాడు ఈలోగా పక్షం మార్చొచ్చు.

పక్షం మార్చడానికి కారణాలూ బోలెడు. 1801 ఒప్పందం దాకా నెల్లూరు సీమ పేరుకు ఆర్కాటు నవాబుది, అజమాయిషీలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ చెయ్యి పెరుగుతోంది. సమాచారం ఎవరికి అమ్మాలి? పైగా రహస్యం బయటపడటానికి ద్రోహి అక్కర్లేదు. టిప్పు సుల్తాను దూతలు 1798లో మారిషస్ వెళ్తే, అక్కడి ఫ్రెంచి గవర్నరు మలార్టిక్ టిప్పు సాయానికి సైనికులు కావాలంటూ బహిరంగ ప్రకటనే వేశాడు. అది జూన్‌లో కలకత్తా పత్రికకెక్కింది, మరుసటేడు మే 4న టిప్పు రాజధాని శ్రీరంగపట్నం ఇంగ్లీషువాళ్ల చేతిలో పడిపోయింది. ఏ కల్పితమైన విషం సీసా కన్నా ఈ ఒక్క కాగితం పదునైనది.

ఫిరంగి యుద్ధం కావాలంటే 1804 సెప్టెంబరు 15 విశాఖ ఘటన చూడాలి. ఫ్రెంచి సేనాని లినోయిస్ దళం దాడి చేసేసరికి ఇంగ్లీషు ఓడ సెంచూరియన్ కెప్టెన్ ఒడ్డున ఉన్నాడు. ఫ్రెంచివాళ్ల పెద్ద ఓడ మరెంగో తమ పటంలో లేని మేటకు తగులుకుంది. ఆ మేట ఎక్కడుందో చెప్పగలిగేది స్థానిక పడవవాళ్లే.

ఫ్రెంచివాళ్లు రాసినట్టు దొంగ ఉత్తరం రాయించేటప్పుడు తేదీ కూడా జాగ్రత్త. 1793 చివర్లో వచ్చిన ఫ్రెంచి విప్లవ పంచాంగంలో వారానికి పది రోజులు, నెలలకు కొత్త పేర్లు. ఇంగ్లీషు గుమాస్తా పొరపాటున ‘ఆదివారం కలుద్దాం’ అని రాస్తే, పాండిచ్చేరి ఫ్రెంచి మాట తెలిసిన దుబాషీ (అనువాదకుడు) ఆ కాగితాన్ని మడిచి, తండేలు వైపు చూసి, పడవ వెనక్కి తిప్పమంటాడు.