ఫొటోకి ఎదురుగా ఒక పేజీ

ఫొటోల పుస్తకం అంటే మనకి గుర్తొచ్చేది టీపాయ్ మీద ఉండే బరువైన అట్ట పుస్తకం. నాలుగు పేజీలు తిప్పి, బాగుందని చెప్పి, పక్కన పెట్టేస్తాం. ఈ అలవాటును మాన్పించే పుస్తకాలు కొన్ని ఉన్నాయి. వాటిని రాసినవాళ్లలో జాన్ షార్కోవ్‌స్కీది మొదటి పేరని నా గట్టి నమ్మకం. న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో 1962 నుంచి 1991 దాకా ఫొటోగ్రఫీ విభాగాన్ని నడిపిన క్యూరేటర్ ఆయన. ఆయన పెట్టిన ఎగ్జిబిషన్ల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ గోడకు వేలాడదీసిన బొమ్మలు కొన్నాళ్లకు కిందికి దిగక తప్పదు. నిలిచినవి పుస్తకాలే.

1973లో వచ్చిన 'లుకింగ్ ఎట్ ఫొటోగ్రాఫ్స్' తీసుకోండి. మ్యూజియం సేకరణలోంచి 100 ఫొటోలు, ఒక్కో ఫొటోకి ఎదురుగా ఒకే ఒక్క పేజీ రాత. ఒకచోట ఫొటోగ్రాఫర్ బతుకు గురించి ఉంటుంది, ఇంకోచోట కెమెరా గురించి. ఆ పేజీ చదివాక కళ్లు మళ్లీ ఫొటో మీదికి వెళ్లకుండా ఉండవు. రెండోసారి చూసినప్పుడు మొదటిసారి కనపడనిది కనపడుతుంది. ఫొటో గురించి రాసేవాడు చేయాల్సిన పని ఇదే.

ఆయన 1966 పుస్తకం 'ది ఫొటోగ్రాఫర్స్ ఐ' అంటే నాకు ఇంకా ఇష్టం. ఎదుట ఉన్న వస్తువు, అందులోని చిన్న వివరం, ఫ్రేము, కాలం, నిలబడి చూసే చోటు అనే ఐదింటి చుట్టూ ఆ పుస్తకాన్ని అల్లాడు. అందులో మహామహుల ఫొటోల పక్కనే, తీసినవాళ్ల పేరు కూడా తెలియని ఫొటోలు పెట్టాడు. ఫ్రేము కట్టడం తెలిసినవాడు ఎవడైనా ఒకే పంక్తిలో కూర్చుంటాడు. ఉన్నది ఉన్నట్టు చూపించే డాక్యుమెంటరీ ఫొటో వేరు, కళ వేరు అనే గోడకు పడ్డ పెద్ద గునపం పోటు అది.

ఆ గోడ ఎంత ఉత్తదో చెప్పడానికి యూజీన్ అట్జే ఒక్కడు చాలు. పాత పారిస్ వీధులు, దుకాణాల అద్దాలు, మెట్లు, చెట్లు ఫొటోలు తీసి చిత్రకారులకీ లైబ్రరీలకీ అమ్ముకుని బతికాడు. తన పని డాక్యుమెంట్లు తయారుచేయడమేనని చెప్పుకున్నాడు. 1927లో చనిపోయాడు. 1968లో ఆ మ్యూజియం అట్జే ఫొటోల పెద్ద సేకరణను కొంది. షార్కోవ్‌స్కీ, మరియా మోరిస్ హాంబర్గ్ కలిసి 1981 నుంచి 1985 వరకు వాటిని నాలుగు సంపుటాలుగా తెచ్చారు. ఈ మధ్యలో ఆ ఫొటోల్లో ఒక్క గీత మారలేదు. వాటిని చూసే మన చూపు మారింది.

1976లో అమెరికా ఫొటోగ్రాఫర్ విలియం ఎగల్‌స్టన్ తీసిన కలర్ ఫొటోలతో షార్కోవ్‌స్కీ ఎగ్జిబిషన్ పెట్టి, పుస్తకం వేసినప్పుడు విమర్శకులు మండిపడ్డారు. ఆ పుస్తకం అట్ట మీద పిల్లల మూడు చక్రాల సైకిల్ ఉంటుంది. ఎగల్‌స్టన్ కెమెరాను దాదాపు నేలకు ఆనించి తీశాడు కాబట్టి ఆ సైకిల్ వెనకాల ఉన్న ఇళ్లకన్నా పెద్దదిగా కనిపిస్తుంది. దాని కడ్డీ కిందినుంచి చూస్తే దూరంగా ఒక కారు బొమ్మంత అయిపోయింది. నాలుగేళ్ల పిల్లవాడికి లోకం ఎలా కనపడుతుందో అలా. ఇందులో ఏముంది అన్నవాళ్ల పేర్లు ఇవాళ ఎంతమందికి గుర్తున్నాయి?

షార్కోవ్‌స్కీ మీద ఆరోపణ లేకపోలేదు. ఒక్క మనిషి అభిరుచి ఇంత పెద్ద మ్యూజియం పెత్తనంతో నడవడం ఏమిటని, ఫొటోలోని పేదరికాన్నీ రాజకీయాన్నీ పక్కకు తోసి ఆకారం గురించే మాట్లాడాడని అన్నారు. రెండో మాటలో కొంత నిజముంది. అయితే ఆయన వదిలేసింది తర్వాతివాళ్లు రాయొచ్చు, రాశారు కూడా. ఎంచి, పక్కన సంతకం పెట్టి, ఎందుకు ఎంచాడో రాసినవాడితో వాదించొచ్చు. అసలు ఎవరూ రాయని ఫొటోతో ఏమని వాదిస్తాం?

మన దగ్గర ఉన్నది ఆ రెండో పరిస్థితే. 1902లో వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర వైస్రాయ్ కర్జన్ దంపతులు చంపిన పులితో దిగిన ఫొటో ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. తీసిన లాలా దీన్ దయాళ్ పేరు చాలాసార్లు ఉండదు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం చేత రాజా ముసవ్విర్ జంగ్ అనిపించుకున్న మనిషి ఆయన. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఆయన మీద లోతైన పుస్తకం 2013లో వచ్చింది. రాసింది టొరంటోలోని రాయల్ అంటారియో మ్యూజియం క్యూరేటర్ దీపాలీ దేవన్, ఆమెతో పాటు డెబొరా హట్టన్. ఇంగ్లిష్‌లో. చాలా మంచి పని, వాళ్లకు దండం పెట్టాలి. కానీ నెక్కొండ ఫొటోకి ఎదురుగా తెలుగులో ఒక పేజీ ఉండొద్దా? ఆ పులిని అడవిలోంచి తరిమి తెచ్చిన ఊరివాళ్లు ఫ్రేములో ఎందుకు లేరో అడిగే పేజీ?

మన పత్రికలదీ ఇదే తీరు. వార్త రాసినవారికి పేరు దక్కుతుంది, ఫొటో కింద మాత్రం 'ఫైల్ ఫొటో' అని వేసి చేతులు దులుపుకుంటారు. ఏ ఊరు, ఏ సంవత్సరం, తీసింది ఎవరు అన్నవి అక్కడే పోతాయి.

తెలుగులో 100 ఫొటోల పుస్తకానికి సరుకు లేదని ఎవరూ అనలేరు. దివిసీమ ఉప్పెన నాటి పేపర్ ఫొటోలున్నాయి. 2022లో కన్నుమూసిన భరత్ భూషణ్ తీసిన తెలంగాణ పల్లెలు, బతుకమ్మలు ఉన్నాయి. చిన్న ఊళ్ల స్టూడియోల్లో తెర ముందు బిగుసుకుని కూర్చున్న కొత్త జంటలున్నారు. మన మ్యూజియాల్లో ఫొటోగ్రఫీ కోసమే ఒక క్యూరేటర్‌ను పెట్టి, ఆ మనిషికి రాసే తీరిక ఇవ్వాలి. ఫిల్ము రీళ్ల కాలం ఫొటోగ్రాఫర్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల ఇంటికెళ్లి నెగెటివ్‌లు ముందు పెడితే ఊరి పేరు, సంవత్సరం, ఫొటోలో ఎడమనుంచి మూడో మనిషి ఎవరో కూడా చెబుతారు. ఆ పని ఈ ఏడాదే మొదలవ్వాలి.