స్పానింగ్ ట్రీని ఆపేయమనే సలహా ఎందుకు చెల్లదు

నెట్‌వర్క్ నిర్వాహకుల మధ్య చాలాకాలంగా ఒక సలహా చక్కర్లు కొడుతోంది. స్విచ్‌ల మధ్య కేబుళ్లు వలయంగా, అంటే లూప్‌గా, మారకుండా అదనపు దారులను మూసి ఉంచే స్పానింగ్ ట్రీ పద్ధతికి కాలం చెల్లిందని, లింకు తెగితే కోలుకోవడానికి 50 సెకన్లు తీసుకుంటుందని, డబ్బు పోసి వేసిన కేబుళ్లలో సగాన్ని ఖాళీగా ఉంచుతుందని, కేబుళ్లు సరిగ్గా కలిపితే లూపే రాదు కాబట్టి దాన్ని ఆపేయవచ్చని ఆ సలహా సారాంశం.

ముందుగా 50 సెకన్ల సంగతి. 1985లో రాడియా పెర్ల్‌మన్ డెక్ సంస్థలో రూపొందించిన పద్ధతి 1990లో 802.1డి ప్రమాణమైంది, ఆ లెక్క అప్పటిది. అందులో బీపీడీయూలు, అంటే స్విచ్‌లు ఒకదానికొకటి పంపుకునే స్పానింగ్ ట్రీ సందేశాలు, ఆగిపోతే స్విచ్ 20 సెకన్ల మ్యాక్స్ ఏజ్ గడువు ముగిసేదాకా ఎదురుచూసి, ఆపైన లిజనింగ్ దశలో 15, లెర్నింగ్ దశలో 15 సెకన్లు గడిపాకే పోర్టును తెరుస్తుంది. సొంత పోర్టే డౌన్ అయితే మొదటి 20 సెకన్లు ఉండవు కనుక, అప్పట్లోనూ అది 30 సెకన్లే. 2001లో వచ్చిన 802.1డబ్ల్యూ, అంటే ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ, రూట్ (చెట్టుకు మూలంగా ఎంపికైన స్విచ్) వైపు రెండో దారిని ఆల్టర్నేట్ పోర్టుగా ముందే గుర్తించి ఉంచుతుంది, అటు వాడుకలో ఉన్న రూట్ పోర్టు పడిపోగానే టైమర్ల కోసం ఆగకుండా దాన్ని వాడుకలోకి తెస్తుంది. లింకు పైకి బాగానే కనిపిస్తూ బీపీడీయూలు మాత్రమే ఆగిపోయినా, 2 సెకన్లకొకటి చొప్పున రావాల్సినవి వరుసగా మూడు రాకపోతే చాలు, అంటే 6 సెకన్లు. 2004 నాటి 802.1డి నుంచి పాత పద్ధతినే తొలగించారు.

అయినా 30 సెకన్ల ఆలస్యం ఇప్పటికీ కనిపిస్తోందనేవారు తమ పీసీ పోర్టులను ఒకసారి చూసుకోవాలి. పీసీ పోర్టును ఎడ్జ్ (అవతల స్విచ్ లేనిది) అని ప్రకటించకపోతే, ‘తెరవనా?’ అనే ప్రపోజల్‌కు ‘సరే’ అనే అగ్రిమెంట్ ఇచ్చే స్విచ్ అవతల ఉండదు కాబట్టి, ర్యాపిడ్ పద్ధతిలోనూ ఆ పోర్టు రెండు 15 సెకన్ల టైమర్లూ పూర్తిచేయాల్సిందే. పైగా కొత్త రూట్ పోర్టు మీద అగ్రిమెంట్ పంపేముందు స్విచ్ ఎడ్జ్ కాని డెజిగ్నేటెడ్ (రూట్‌కు అవతలి వైపు ఫ్రేములు పంపే) పోర్టులన్నిటినీ తాత్కాలికంగా మూసేస్తుంది. ఒక్క అప్‌లింకు (పై స్విచ్‌కు వెళ్లే లింకు) మారితే అంతస్తంతా అరనిమిషం నిలిచిపోవడానికి కారణం ఇదే. అది కాన్ఫిగరేషన్ లోపం.

కేబుళ్లు ఖాళీగా ఉంటాయన్న ఫిర్యాదు సబబే, కానీ దానికి మందు ఎప్పుడో వచ్చింది. రెండు స్విచ్‌ల మధ్య లింకులను ఎల్‌ఏసీపీ అనే పద్ధతితో ఒకే కట్టగా కడితే స్పానింగ్ ట్రీకి అది ఒకే లింకుగా కనిపిస్తుంది. వీల్యాన్‌లను (ఒకే స్విచ్‌ల మీద విడదీసిన నెట్‌వర్క్‌లను) గుంపులు చేసి, గుంపుకో చెట్టు ఉండే ఎంఎస్‌టీపీలో వేర్వేరు రూట్‌లు ఇస్తే రెండు అప్‌లింకులూ పనిచేస్తాయి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది, సరిగ్గా కలిపితే లూపే రాదన్న వాదన. కేబుళ్లు కలిపేది నిర్వాహకుడు ఒక్కడే కాదు. ఐపీ ఫోన్‌కు వెనుక రెండు పోర్టులుంటాయి. పీసీకి వెళ్లాల్సిన తీగను కూడా ఎవరో గోడ సాకెట్‌లోనే పెడితే లూప్ తయారవుతుంది. ఐపీ ప్యాకెట్‌లో టీటీఎల్ అనే ఆయుష్షు లెక్క ఉంటుంది, ప్రతి రూటర్ దాన్ని ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయితే ప్యాకెట్‌ను పారేస్తుంది. ఈథర్‌నెట్ ఫ్రేములో అలాంటిదేమీ లేదు. అందువల్ల ఒక్క ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్ట్ (చిరునామా అడుగుతూ అందరికీ పంపే ఫ్రేము) తిరుగుతూనే ఉండి, ప్రతి చుట్టులో మిగతా పోర్టులన్నిటికీ నకళ్లు పంపుతుంది. 1 గిగాబిట్ లింకు 64 బైట్ల ఫ్రేములను సెకనుకు 14,88,095 దాకా మోయగలదు. ఒకే మ్యాక్ (పరికరపు హార్డ్‌వేర్) చిరునామా రెండు పోర్టుల మధ్య గెంతుతుంటే స్విచ్ సీపీయూ ఊపిరాడక, దానిలోకి లాగిన్ కావడమే కష్టమవుతుంది. బ్రాడ్‌కాస్ట్‌లకు పరిమితి పెట్టే స్టార్మ్ కంట్రోల్ ఆ వరదను తగ్గించగలదు గానీ లూప్‌ను తెంచలేదు.

2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్ రోజుల తరబడి స్తంభించిన ఉదంతాన్ని కొందరు స్పానింగ్ ట్రీకి వ్యతిరేకంగా సాక్ష్యంగా చూపుతారు. అక్కడ రూటింగ్ లేకుండా స్విచ్‌లతోనే విస్తరిస్తూ పోయిన నెట్‌వర్క్ స్పానింగ్ ట్రీ హాప్ పరిమితిని (వరుసగా దాటగల స్విచ్‌ల సంఖ్యను) దాటిపోయింది; ఆ తర్వాత వారు చేసింది కోర్‌ను, అంటే నెట్‌వర్క్ నడిమి భాగాన్ని, రూటింగ్‌కు మార్చడం. లేయర్ 2 పరిధిని, అంటే రూటింగ్ లేకుండా స్విచ్‌లతోనే నడిచే భాగాన్ని, కుదించడం మంచి సలహాయే, దాన్ని ఎవరూ కాదనరు. కుదించిన పరిధిలోనూ యాక్సెస్ (వాడుకరుల పరికరాలు కలిపే) పోర్టుల మీద బీపీడీయూ గార్డ్ ఉండాలి, కోర్ స్విచ్‌కు 4096, రెండోదానికి 8192 ప్రయారిటీ ఇవ్వాలి (తక్కువ అంకె ఉన్నదే రూట్ అవుతుంది). లేకుంటే అన్నిటికీ ఒకే 32768 ఉండి, అతి తక్కువ మ్యాక్ ఉన్నది, తరచుగా మూలనున్న పాత స్విచ్చే, రూట్ అవుతుంది. గార్డ్‌కు బదులు పొరపాటున ఫిల్టర్ పెట్టకూడదు: గార్డ్ బీపీడీయూ రాగానే పోర్టును మూసేస్తుంది, ఫిల్టర్ దాన్ని పట్టించుకోకుండా పోర్టును తెరిచే ఉంచుతుంది.