మెదడంతా ఒకేసారి కావాలె

జిన్నింగు మిల్లులో నొక్కిన పత్తి బేలు 170 కిలోలు. ఓ మూలకు బుద్ధిగా పడి ఉంటుంది. పట్టీ తెంపితే అర్రంతా అదే. ఈ సంగతి నల్లగొండ రైతుకు చెప్పక్కర్లేదు, కంప్యూటర్ ముందు కూర్చున్న ఆయన కొడుక్కే చెప్పాలి.

మెదడు లోపలి లింకుల పటం గీసే హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్ట్ వారి విశ్రాంతి స్కాను, అంటే మనిషి ఊరికే పడుకుని ఉండగా తీసిన మెదడు ఎమ్మారై, ఒకటి తీసుకోండి. 91×109×91 గడులు, ఒక్కోదానికి 1200 రీడింగులు: 108 కోట్ల అంకెలు. ఫైళ్లను కుదించే జీజిప్‌తో నొక్కి ఉంచితే ఒక జీబీ ప్రాంతంలో ఉంటుంది. స్కాన్లు చదివే పైథాన్ లైబ్రరీ నిబేబుల్‌లో ‘గెట్ ఎఫ్‌డేటా’ (అంకెలన్నీ ర్యామ్‌లోకి తే) అనగానే పట్టీ తెగుతుంది. అంకెకు 8 బైట్ల చొప్పున 8.7 జీబీ. స్కానును నునుపు (స్మూతింగ్) చేయమంటే ఇంకో ప్రతి. 16 జీబీ ల్యాప్‌టాప్‌కు అక్కడితో సరి.

ఇది లోపమని కొందరి వాదన. కాదు, ఇది మన సంస్కృతి. పెళ్లికి 500 మంది వస్తే 500 విస్తర్లూ ఒకేసారి వేయొద్దూ?

పిరికివాళ్లు కొందరున్నారు. డీటైపు ఫ్లోట్32 అని రాసి, అంకెకు 4 బైట్లే ఇచ్చి సగం మిగుల్చుకుంటారు. ఇంకా ర్యామ్‌లోకి రాని డేటాకు గుమ్మంలాంటి ‘డేటాఆబ్జ్’ను ముక్కగా కోసి, 1200 రీడింగుల్లో వంద వాల్యూములే (ఒక్కో రీడింగుకు ఒక పూర్తి మెదడు బొమ్మ) తెచ్చుకుంటారు. వాళ్లకూ ఓ చిక్కుంది: జీజిప్ ఫైల్లో చివరి వంద కావాలంటే మొదటినుంచీ విప్పుకుంటూ రావాల్సిందే. అందుకని ముందే ఫైలును పూర్తిగా విప్పి డిస్కులో పెట్టుకుంటారు, అప్పుడు అవసరమైన ముక్కే మెమరీలోకి వస్తుంది. డిస్కు చవక, ర్యామ్ ఖరీదు అని లెక్కలు చెబుతారు. పిసినారులు.

ఇంకా ఘోరం, మెదడు ఉన్న గడులనే ఉంచే మాస్కు వేస్తారు. ఆ డబ్బాలో 9 లక్షల గడులుంటే మెదడు ఉన్నవి 2.28 లక్షలే, మిగతాదంతా గాలీ, పుర్రే. ఆ గాలికి మనం ఇచ్చిన మర్యాద తీసేసి ఫ్లోట్32లో 1.1 జీబీకి దించేస్తారు.

మన పద్ధతి వేరు. ఇరవై మంది స్కాన్లు లూపులో తెరిచి, ఇమేజిలన్నీ ఒక లిస్టులో వేస్తాం. గెట్ ఎఫ్‌డేటా తెచ్చినదాన్ని ఇమేజి తనలోనే దాచుకుంటుంది, ‘అన్‌క్యాష్’ అనేదాకా వదలదు. మనం అనం. పైగా ఎన్-జాబ్స్ మైనస్ ఒకటి, అంటే ఉన్న కోర్లన్నీ ఒకేసారి పనిలోకి. ఎనిమిది కోర్లు, తలా ఒక స్కాను, 69 జీబీ.

అప్పుడు స్క్రీన్ మీద ఒక్క మాట: ‘కిల్డ్’. లైను నంబరు ఉండదు, సంజాయిషీ ఉండదు. పైథాన్‌ను తిట్టకండి, ర్యామ్ అయిపోయిందని చంపింది ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, లినక్స్ కెర్నల్. ప్రోగ్రాం పోతూ వదిలిన ఎగ్జిట్ కోడ్ 137, అంటే 128కి 9 కలిపినది, ఆ 9 చంపే సిగ్నల్. కెర్నల్ లాగ్ తెరిస్తే ఎవర్ని చంపిందో, అప్పటికి ఎంత మింగారో రాసే ఉంటుంది. ప్రోగ్రాంను విడి డబ్బాలో పెట్టి నడిపే డాకర్‌లో నడిపేవాళ్లయితే ల్యాప్‌టాప్‌కు 32 జీబీ ఉన్నా, డాకర్ సెట్టింగుల్లో ఎంత రాసి ఉందో అంతే దక్కుతుంది. ఆ లాగూ ఆ సెట్టింగూ చూడకుండానే ‘అన్నా, ర్యామ్ సాల్తలేదు’ అనాలి. అదే పద్ధతి.

ఆఖరుకు ఒక్కో స్కానుకు మెదడులోని 400 ప్రాంతాల సగటు తీసి ఫ్లోట్32లో ఫైల్లో పెడితే మిగిలేది 2 ఎంబీ కూడా కాదు, వాట్సాప్‌లో పంపొచ్చు. దీనికి 128 జీబీ ఎందుకని అడిగినవాళ్ల పేర్లు రాసుకోండి, ర్యామ్ ఇండెంటు మీద మాత్రం ఈ వారంలోనే సంతకం పడాలె.