సవరణ: కార్వెట్ 454 ఇంజిన్ హార్స్‌పవర్

షెవ్రొలే కార్వెట్ స్పోర్ట్స్ కారులోని 454 ఘనపు అంగుళాల ఎల్ఎస్5 ఇంజిన్ శక్తి 1971లో 365 హార్స్‌పవర్ ఉండి, 1972లో 270కి పడిపోయిందని ముందు పోస్టులో ఉంది. ఆ పోలిక చెల్లదు. 365 గ్రాస్ లెక్క: ఎయిర్ క్లీనర్, కారు సైలెన్సర్ వంటివేవీ లేకుండా ఇంజిన్‌ను విడిగా స్టాండుపై నడిపి తీసినది. 270 నెట్ లెక్క: అవన్నీ బిగించి కొలిచినది. 1971కి షెవ్రొలే మాతృసంస్థ జనరల్ మోటార్స్ రెండూ ప్రకటించింది. ఆ ఏడాది నెట్ 285. అంటే తగ్గింది 15 మాత్రమే.

అసలు కోత 1971లోనే పడింది. సీసం తగ్గించిన పెట్రోలుతో నడిచేలా కంప్రెషన్ నిష్పత్తిని (సిలిండర్‌లో గాలి-పెట్రోలు మిశ్రమం ఎన్ని రెట్లు కుదించుకుంటుందో చెప్పే అంకె) 10.25 నుంచి 8.5కి దించారు. అందుకే 1970 నాటి గ్రాస్ 390 మరుసటి ఏడాది 365 అయింది. 1970 అంకెను 1972 పక్కన పెట్టి నిట్టూర్చే అభిమానులకు మాత్రం కొదవ లేదు.