హైట్ శాస్త్రవేత్తలకు నల్లగొండ నుంచి శతకోటి దండాలు

మన ఇండియా విమెన్స్ బాస్కెట్‌బాల్ టీం బయటి దేశాల మీద ఎందుకు ఓడిపోతదో మీకు తెల్వకపోవచ్చు, ఫెడరేషనోళ్లకు తెల్వకపోవచ్చు, కోచ్‌లు ఇంకా బుర్రలు గోక్కుంటుండొచ్చు, కానీ నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ల చాయ్ తాగే పెద్దమనుషులకు మాత్రం ఎప్పుడో తెల్సు. పొద్దుగాల వాకింగ్ అయిపోయినంక రెండో చాయ్ రాకముందే తేల్చేస్తరు. "మనోళ్లకు హైట్ లేదు తమ్మి, గంతే." అయిపాయె. ఇగ కమిటీ అక్కర్లేదు, రిపోర్టు అక్కర్లేదు, ఆ మ్యాచ్ చూసే పని అసలే లేదు.

ఈ హైట్ శాస్త్రవేత్తలంటే నాకు మస్తు గౌరవం. కోర్టుల ఒక టీముకు ఎంతమంది ఆడతరు కాక అని అడిగితే ఒకాయన ఏడుగురు అన్నడు, ఇంకొకాయన తొమ్మిది అన్నడు, మూడో ఆయన గోల్‌కీపర్‌ని కలుపాల్నా వద్దా అని తిరిగి నన్నే అడిగిండు. అయినా ఎందుకు ఓడిపోయినమో అనేకాడికి వస్తే ముగ్గురిదీ ఒక్కటే మాట. గింత ఏకాభిప్రాయం మన మున్సిపల్ మీటింగుల ఎన్నడన్న చూసినమా?

సరే, రికార్డు దాచుడెందుకు, బాగలేదు. ఆడోళ్ల బాస్కెట్‌బాల్ 1976ల మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి ఉన్నది, అప్పటిసంది ఇప్పటిదాంక మనోళ్లు ఒక్కపారి క్వాలిఫై కాలే. మొగోళ్లన్న ఒక్కపారి, 1980ల మాస్కోకు పోయిండ్రు, అది గూడ చానా దేశాలు బాయ్‌కాట్ చేసిన ఒలింపిక్స్. వరల్డ్ కప్పు సంగతి ఎత్తొద్దు, మన అమ్మాయిలు దాని గడప తొక్కలే. 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ గేమ్స్‌ల గ్రూపుల మూడు మ్యాచులు, మూడూ పోయినయ్. న్యూజిలాండ్ మీద ఓడితే అర్థం చేసుకుంటం, జమైకా అంటే సరే అనుకుంటం, మూడోది మలేషియా. మలేషియా! హైట్ శాస్త్రవేత్తలారా, మలేషియా అమ్మాయిలు ఎప్పటిసంది తాటిచెట్లయిండ్రు? ఈ ప్రశ్న వేస్తే చాయ్ గ్లాసు కిందపెట్టి "అక్కడి తిండి వేరు" అంటరు. మంచిది, సైన్స్ అన్నంక సవరణలు ఉంటయి.

గీ సిద్ధాంతానికి అసలు చిక్కు 2017ల వచ్చింది. ఆ జులైల బెంగళూరుల ఏషియా కప్ డివిజన్ బి, అంటే కింది మెట్టు టోర్నీ, ఫైనల్ల మనోళ్లు కజకిస్థాన్‌ని 75-73తోటి కొట్టిండ్రు, రెండే రెండు పాయింట్లు, డివిజన్ ఏకి ఎక్కిండ్రు. ఆ వారం మన అమ్మాయిలు ఏం తిని పొడుగైండ్రో నాకు ఇప్పటిదాంక ఎవరూ చెప్పలే. మళ్ల 2019ల అదే బెంగళూరుల డివిజన్ ఏల ఎనిమిది టీములుంటే ఎనిమిదో ప్లేసు, 2021ల అమ్మాన్‌ల మళ్ల ఎనిమిదో ప్లేసు, కిందికి దిగి తిరిగి డివిజన్ బి. 2023ల హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌ల ఇండోనేషియాని కొట్టిండ్రు, మంగోలియాని కొట్టిండ్రు, చైనా చేతుల చిత్తయిండ్రు, క్వార్టర్ ఫైనల్ల ఉత్తర కొరియా ఇంటికి పంపింది. అంటే లెక్క ప్రకారం మనోళ్ల హైట్ ఏడాదికోతీరు పెరిగి తగ్గుతున్నది. డాక్టర్లెవరన్న దీని మీద దృష్టి పెట్టాలె.

ఇగ జపాన్. హైట్ శాస్త్రంల జపాన్ చాప్టర్‌ని ఎవరో చింపేసినట్టున్నరు. 2013, 2015, 2017, 2019, 2021, వరసగా ఐదు ఏషియా కప్పులు వాళ్లవే. 2015ల, 2019ల, 2021ల ఫైనల్ల ఓడగొట్టింది ఎవర్ననుకున్నరు, చైనాని. చైనా అంటే మామూలు చైనా కాదు, హాన్ షూ లెక్క ఆరడుగుల తొమ్మిది పది అంగుళాల సెంటర్లు, అంటే రింగు కింద నిలబడి ఆడే పొడుగోళ్లు, పుట్టే చైనా. అదే జపాన్ టోక్యో ఒలింపిక్స్‌ల ఫైనల్ దాంక పోయి అమెరికా చేతుల ఓడి సిల్వర్ తెచ్చుకున్నది. సెమీస్‌ల ఫ్రాన్స్ మీద రుయి మాచిదా అనే అమ్మాయి ఒక్క మ్యాచ్‌ల 18 అసిస్టులు, అంటే తోటోళ్లు బాస్కెట్ చేసేటట్టు అందించిన పాసులు, ఇచ్చింది, ఒలింపిక్స్ రికార్డు అది. ఆమె ఎంత పొడుగో తెల్సా, 162 సెంటీమీటర్లు. అయిదడుగుల నాలుగంగుళాలు గూడ నిండ లేవు. మన దేవరకొండ బస్టాండ్‌ల నిలబడితే జనంల కనిపించది ఆ పిల్ల. కనిపించకుండనే ఫ్రాన్స్‌ని ఇంటికి పంపింది.

ఇప్పుడు అటుపక్క నుంచి రండి. హైట్ ఉంటే సాలు అన్నరు గదా, మరి హైట్ ఉన్నోళ్లకు మనం ఏం ఉద్ధరించినం? కేరళ అమ్మాయి గీతూ అన్నా జోస్, ఆరడుగుల రెండంగుళాలు, ఆస్ట్రేలియా పోయి క్లబ్బుకు ఆడింది, 2011ల అమెరికా ఆడోళ్ల ప్రో లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ టీములు ట్రయల్స్‌కి పిలిచినయ్, 2014ల అర్జున అవార్డు వచ్చింది. ఆమె పేరు తెల్సినోళ్లు క్లాక్ టవర్ కాడ ఒక్కరు చెయ్యి లేపండి. చెన్నై అనితా పాల్‌దురై 19 ఏండ్లకే ఇండియా కెప్టెన్, 2021ల పద్మశ్రీ. చెయ్యి లేపండి. ఆఖరికి 2022 గుజరాత్ నేషనల్ గేమ్స్‌ల మన తెలంగాణ అమ్మాయిలే త్రీ బై త్రీ, అంటే టీముకు ముగ్గురు ఆడే బాస్కెట్‌బాల్ల గోల్డ్ తెచ్చిండ్రు, దానికన్న లేపండి. లేవయ్. మన టౌన్ల కౌన్సిలర్ బామ్మర్ది బర్త్‌డేకు ఇరవై ఫీట్ల ఫ్లెక్సీ లేస్తది గానీ.

ఫ్లెక్సీ అంటే యాదికొచ్చింది. మన దిక్కు పొడుగు పిల్లలను వాడుకోరు అనుకుంటే తప్పు, బాగా వాడుకుంటరు. ఒక మండల కేంద్రం అనుకోండి, పేరెందుకు, పేరు పెడితే నాలుగు మండలాలోళ్లు గది మాదే అని కొట్లాటకొస్తరు. కొత్త బాస్కెట్‌బాల్ కోర్టు ఓపెనింగు. పదింటికి రావాల్సిన లీడర్ సారు ఒంటిగంటకు వస్తడు. అప్పటిదాంక టీం అమ్మాయిలు ఎర్రటి ఎండల బొకేలు పట్టుకొని రెండు లైన్లల్ల నిలబడి ఉంటరు, అందరికంటే పొడుగున్న పిల్లని పీఈటీ సారు పిలిచి "నువ్వు పొడుగున్నవ్ గదా, గా ఫ్లెక్సీ పైకొస కట్టు బిడ్డా" అంటడు, కట్టుడు అయినంక సారు నెత్తిమీద గొడుగు పట్టే డ్యూటీ గూడ ఆ పిల్లకే పడతది, ఎందుకంటే గన్‌మెన్ పొట్టిగున్నడు. కోలాటం అయితది. ఇనుప పోలుకు కొబ్బరికాయ కొడతరు, బంతికి పసుపు కుంకుమ పెడతరు. ఇగ సారు బంతి అందుకుంటడు. మొదటి షాట్ పోయి ఫొటోగ్రాఫర్ నెత్తిమీద పడతది, అందరు చప్పట్లు. రెండోది బోర్డు ఎనక దిక్కు నుంచి పోయి అన్నం వండే గిన్నెల పడతది, మళ్ల చప్పట్లు. మూడోసారి యూత్ లీడర్లు రంగంలకు దిగి సారును భుజాల మీదికి ఎత్తుతరు, పైకి, ఇంకా పైకి అన్నా, జరంత కుడికి అన్నా, సారు రింగు అంచు పట్టుకొని, ఉయ్యాల ఊగినట్టు ఊగి, బంతిని అందుల జారవిడుస్తడు. జై అంటరు. పటాకులు కాలుస్తరు. మాట్లాడమంటే సారు మైకు అందుకొని "ఈ కబడ్డీ కోర్టు నుంచి ఒలింపిక్ క్రీడాకారులు రావాలె" అంటడు. గొడుగు పట్టిన పిల్ల అప్పుడు గూడ నవ్వకుండ నిలబడి ఉంటది, గా కంట్రోల్ ఫ్రీ త్రోల కాడ ఉంటే సాలు ఇండియా టీంల సీటు ఖాయం.

తెల్లారి పేపర్ల ఫొటో పడతది. అందుల గొడుగుంటది, గొడుగు పట్టిన చెయ్యుంటది, పిల్ల మొఖం కట్ అయితది.

ఆ తర్వాత కోర్టు చరిత్ర మనకు తెల్సిందే. వానాకాలం కోతలయితే అందుల వడ్లు ఆరబోస్తరు, యాసంగి కోతలయితే మళ్ల వడ్లు, నడిమిట్ల ఎలక్షన్లొస్తే బ్యాలెట్ బాక్సులు, పెండ్లిళ్ల సీజన్ల పార్కింగు. రైతును నేను తప్పు పట్టను, కల్లం లేనోడు యాడ ఆరబోస్తడు, గవర్నమెంటు కట్టిచ్చిన జాగల చదునుగున్నది గదొక్కటే. మిగిలిన రోజులు గేటుకు తాళం.

(ఢిల్లీల ఏమన్న ఉద్ధరించిండ్రా అంటే 2015ల ఒక్క ఆటకు రెండు ఫెడరేషన్లు తయారైనయ్, మాదే అసలుదంటే మాదే అసలుదని. టీం మాత్రం ఒక్కటే. దాని మీద రాస్తే ఇంకో వ్యాసమైతది, వదిలేయుండ్రి.)

హైట్ శాస్త్రానికి ఒక బ్రాంచి ఉన్నది, బట్టల శాస్త్రం. ఎనిమిదో తరగతి దాంక ఆడిన పిల్ల తొమ్మిదికి రాంగనే "నిక్కర్లేసుకొని ఎగురుడేంది" అని మొదలు పెడతరు. ఈడ తక్కువ బట్టలని గోల, ఆడ ప్రపంచ బాస్కెట్‌బాల్ సంఘం ఫీబా వాళ్లకేమో ఎక్కువ బట్టలని గోల. 2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌ల హిజాబ్ తీస్తెనే ఆడనిస్తం అంటే ఖతర్ అమ్మాయిలు ఆడకుండనే ఎనక్కి పోయిండ్రు. ఆ రూలు 2017ల మార్చిండ్రు. అప్పటిదాంక మహబూబ్‌నగర్‌ల స్కార్ఫ్ కట్టుకొని ఆడే పిల్ల ఎంత మంచిగ ఆడినా ఇండియా జెర్సీ ఆమెకు రూలు ప్రకారమే దొరకది. గజం బట్ట తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే, బంతి రింగుల పడ్డదా లేదా మాత్రం ఎవనికీ పట్టదు.

తొమ్మిది ఎట్లనో గట్టెక్కితే టెన్త్. టెన్త్ అంటే బంతి అటక మీదికి. తర్వాత ఇంటర్, హైదరాబాద్ల కాలేజీ అని పేరు పెట్టిన అపార్ట్‌మెంట్ల ఏస్తరు, పొద్దుగాల అయిదింటి నుంచి రాత్రి పదింటి దాంక స్టడీ అవర్, గ్రౌండు యాడుంది సార్ అంటే సెల్లార్ చూపెడతరు. పదహారు పదిహేడేండ్ల వయసుల చైనా పిల్ల, జపాన్ పిల్ల రోజుకు గంటలు గంటలు షూటింగ్ కొడుతుంటే మన పిల్ల ఎంసెట్ బిట్లు కొడుతుంటది. రెండేండ్లు సెల్లార్ల కూసోబెట్టి, బయటికి తీసి, చైనా మీదికి ఆడమని పంపి, ఓడిపోతే హైట్ లేదంటరా? సిగ్గు శరం ఉన్నదా?

ఇంకో మాట. మాలావత్ పూర్ణ, నిజామాబాద్ దిక్కు తండా పిల్ల, గురుకులంల చదివింది, 2014 మే 25న పదమూడేండ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ట్రైనింగ్ మొదలైంది యాడ, మన భువనగిరి గుట్ట మీద, అప్పటికి అది మన నల్లగొండ జిల్లానే. ఆ పిల్ల ఎక్కింది 8848 మీటర్లు. బాస్కెట్‌బాల్ రింగు ఎత్తు 3.05 మీటర్లు. ఎక్కిచ్చేటోడు ఉంటే తండా పిల్ల ప్రపంచం నెత్తికెక్కింది, మీరు రింగు కాడ ఆగిపోయిండ్రు.

పైగా ఈ మాట నల్లగొండల నిలబడి అంటున్నరు. నాకు కడుపు మండేది గీడనే. హైట్ గురించి మాట్లాడుతున్న ఊరు ఏదో సోయి ఉన్నదా మీకు? మర్రిగూడ, చండూరు, మునుగోడు దిక్కు పోయి చూడుండ్రి, ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయినోళ్లు, కాళ్లు వంకర పోయినోళ్లు, పెద్దగైనా చిన్నపిల్లల లెక్క మంచానికే అతుక్కపోయినోళ్లు ఇంటికొకరు ఉండేటోళ్లు. ఫ్లోరైడ్ బాధితుడు శివన్నగూడెం అంశల స్వామి 2023ల పోయిండు, ఆ మనిషి శరీరం చూసినోడెవడూ పిల్లల హైట్ మీద జోకులెయ్యడు. 1996ల గీ నీళ్ల కోసమే నల్లగొండ ఎంపీ సీటుకు 480 మంది నామినేషన్లేసి నిలబడిండ్రు, బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయి ఎలక్షన్ వాయిదా పడ్డది, అప్పుడు గని దేశం మనదిక్కు తిరిగి చూడలే. ఎముకల్ల ఉన్న హైట్‌ని గుంజుకున్నది బోరు నీళ్లు, ఆ నీళ్లు తప్ప వేరే నీళ్లు ఇయ్యని గవర్నమెంట్లు, ఒకటి కాదు, ఏండ్లకేండ్లు వరసగా వచ్చినయన్ని. గసుంటి జిల్లాల ఆడపిల్ల నిలబడి బంతి అందుకుంటున్నదంటేనే చేతులెత్తి మొక్కాలె. దానికి టేపు పట్టుకొని కొలుస్తరా మీరు?

చాయ్ చల్లారుతది, తాగుండ్రి కాక. మూడోది గూడ నేనే చెప్తా. అది వచ్చేలోపు ఒక్క పని చేసి పెట్టుండ్రి, మీకు అందరు తెల్సు గదా, ఎమ్మార్వో తెల్సు, కౌన్సిలర్ తెల్సు, ఆ బర్త్‌డే బామ్మర్ది గూడ తెల్సు. ఆ కోర్టు గేటు తాళంచెవి ఎవని దగ్గరున్నదో జర కనుక్కొని చెప్పుండ్రి, పొద్దుగాల ఆరింటికి పిల్లలొచ్చి గోడ దుంకుతున్నరు.