మాటల్లేని సినిమా, ఎవరూ వాడని మాట

ఈమధ్య మా వర్గం మీద జనాలకి చిన్నచూపు బాగా ఎక్కువైంది కాబట్టి కాస్త సీరియస్‌గా నాలుగు ముక్కలు చెప్పాల్సొస్తోంది. మా వర్గం అంటే ఫ్రెంచ్ యానిమేషన్ సినిమాలు చూస్తూ, బ్రేక్‌లో నాలుగొందలేళ్ల నాటి ఇంగ్లీషు మాటలు నెమరేసుకునేవాళ్లం.

2003లో సిల్వాన్ షోమే తీసిన 'ది ట్రిప్లెట్స్ ఆఫ్ బెల్‌విల్' ఉంది కదా, దాన్ని డబ్బింగ్‌లో చూడొద్దు, ఒరిజినల్ ఫ్రెంచ్‌లోనే చూడాలి అని ఎదురుపడ్డ ప్రతివాడికీ చెప్తుంటా. అందులో డైలాగులు దాదాపు లేవు, అది వేరే విషయం. టూర్ డి ఫ్రాన్స్‌లో సైకిల్ తొక్కే మనవణ్ణి మాఫియావాళ్లు ఎత్తుకుపోతే మామ్మగారు కుక్కని ఎక్కించుకుని పెడల్ బోట్ తొక్కుకుంటూ సముద్రం దాటేస్తుంది, అవతలి ఒడ్డున ముగ్గురు ముసలి గాయనులు ఫ్రిజ్జు, వాక్యూమ్ క్లీనరు, న్యూస్‌పేపరు వాయిస్తూ కచేరీ చేస్తారు. మన హీరో ఒక్క గుద్దుకి పదిమందిని లేపితే లాజిక్ ఏదిరా అని గోల చేసేది కూడా నేనే. కానీ అది మాస్, ఇది కవిత్వం.

ఆస్కార్‌కి నామినేటయ్యి 'ఫైండింగ్ నీమో' చేతిలో ఓడిపోయింది, బతికిపోయాం. గెలిచుంటే ఆ ముసలమ్మల బొమ్మలు పిల్లల లంచ్ బాక్సుల మీదకొచ్చేసేవి, అప్పుడు మేమేం చూసుకుని బతకాలి?

మాటల దగ్గరా ఇదే రూలు. 1623లో హెన్రీ కాకెరమ్ అనే పెద్దమనిషి ఇంగ్లీషు డిక్షనరీ ఒకటి వేశాడు, అందులో ఒక భాగం మొత్తం మామూలు మాటకి బదులు ఏ ఘనమైన మాట వాడాలో చెప్పడానికే, అంటే పక్కవాడికి అర్థం కాకుండా మాట్లాడ్డానికి గైడన్నమాట. మా మూలపురుషుడు ఆయనే. 'అప్రిసిటీ' ఆయన పుస్తకంలోదే, చలికాలపు ఎండలో ఉండే వెచ్చదనం. మొన్న సంక్రాంతికి నాన్న డాబా మీద కుర్చీ వేసుకుని, "నీరెండ ఎంత హాయిగా ఉందిరా" అన్నారు.

"అప్రిసిటీ, నాన్నా" అన్నా.

"భోజనానికి ముందా, తర్వాతా?" అన్నారు.

ఆ అవమానం పర్లేదు, నిజానికి కాస్త గర్వంగానే ఉంది. అసలు దెబ్బ వారం తర్వాత తగిలింది, ఆఫీసులో ఒకడు బాల్కనీలో కాఫీ కప్పుతో సెల్ఫీ దిగి కింద 'అప్రిసిటీ' అని స్టేటస్ పెట్టాడు, హార్ట్ సింబల్‌తో సహా. ఇక ఆ మాట నా నోట రాదు.

ప్రస్తుతం నా మకాం ఎమిల్ కోల్ అనే ఫ్రెంచాయన 1908లో గీసిన 'ఫాంటస్మగోరీ' అనే యానిమేషన్ సినిమా దగ్గర. రెండు నిమిషాలు కూడా ఉండదు, మాట పలుకు లేదు. దాని గురించి నలభై నిమిషాలు మాట్లాడగలను, ఈ ఆదివారం ఖాళీ ఎవరికుందో చెప్పండి.